దవడ కీలు నొప్పికి వెలుగు వైద్యము వచ్చిన త్రోవ

చెవిరంధ్రమునకు ముందు వ్రేలికొనను ఆనించి నోటిని తెరచి మూసినచో, ఆ వ్రేలి క్రింద గుండ్రని యెముక యొకటి ముందునకు జారి మరల వెనుకకు పోవుట తెలియును. అదియే హనుసంధి, అనగా దవడ కీలు. తలుపు బందువలె ఉన్నచోట నుండియే తిరుగుటతో సరిపుచ్చక, నోరు బాగుగా తెరచునపుడు తన గుంటను విడిచి ముందునకు జారుట, నమలునపుడు ప్రక్కలకు ఒరుగుట, కుడి యెడమ కీళ్ళు రెండును ఒకే యెముకకు రెండు కొనలై యుండుటచే ఒకటి కదలినంతనే రెండవది కదలక తప్పకుండుట, ఈ విచిత్ర ధర్మములన్నియు ఇంత చిన్న కీలునందు కూడియున్నవి. కపాలపు గుంటకును దవడయెముక శిరస్సునకును నడుమ మెత్తని ఫలకమొకటి అమరియున్నది. కణతనుండి దిగు కండరమును, చెంపలోని బలమైన నమలు కండరమును, లోపలివైపున దాగిన రెండు చిన్న కండరములును దీనిని నడపుచున్నవి. భోజనమునకును భాషణమునకును, ఆవులింతకును నవ్వునకును ఇదియే ఆధారము గనుక, తక్కిన కీళ్ళకు ఇచ్చినట్లు దీనికి పూర్ణ విశ్రాంతి నిచ్చుట యెవరికిని సాధ్యము కాదు.

ఇట్టి కీలు పట్టినపుడు కలుగు బాధ విలక్షణమైనది. నొప్పి యొకచోట పుట్టి, చెవిలో పోటుగా, కణతలో భారముగా, మెడలో లాగుడుగా, పంటిలో సలుపుగా వేర్వేరు వేషములు ధరించును. కావున రోగి మొదట చెవి వైద్యునొద్దకును, పిమ్మట పండ్ల వైద్యునొద్దకును, అటుపైని తలనొప్పికి మందు వ్రాయువానియొద్దకును తిరుగగా, ప్రతివాడును తాను చూచు భాగమునందు దోషము లేదని చెప్పి పంపగా, తుదకు తన బాధ తన మనోభ్రమయేమో యని తానే శంకించు దుస్థితికి వచ్చును. 20 మొదలు 40 ఏండ్ల ప్రాయమున, పురుషులకంటె స్త్రీలకు అధికముగా కానవచ్చు ఈ రోగమును మన యిండ్లలో దవడ పట్టేసినదనియు, నోరు తెరిస్తే కటుక్కుమంటున్నదనియు చెప్పుకొని, ఉప్పుమూటతో కాపడము పెట్టియు, గోరువెచ్చని నువ్వులనూనె రాచియు, నాలుగు దినములు మెత్తని యన్నము తినియు ఓర్చుకొనుట పరిపాటి. నేడు పట్టణములలోని కొన్ని దంతవైద్యశాలలయందు అదే రోగికి కండ్లకు రక్షక కంటద్దములు పెట్టి, చెవి ముందు భాగమున సన్నని పరికరము నొకదానిని ఆనించి, కొద్ది నిమిషముల పాటు ఎఱ్ఱని కాంతినో, కంటికి కనిపించని పరారుణ కాంతినో లోనికి పంపుచున్నారు. ఉప్పుమూటనుండి లేజరు దాక సాగిన యీ పయనమును తెలిసికొనుట ఆ చికిత్స పొందువారికిని, చేయువారికిని గూడ అవసరమని నా విశ్వాసము. ఏలయనగా ప్రతి యుగమును తన చేతికి కొత్తగా వచ్చిన పనిముట్టును ఈ చిన్న కీలుపై ప్రయోగించి చూచినది. వానిలో కొన్ని మేలు చేసినవి. కొన్ని ఏమియు చేయలేదు. కొన్ని తీరని హాని చేసినవి.

ఈ కీలునుగూర్చి మనకు దొరకిన అతిప్రాచీన వైద్యలేఖనములలో నొకటి ఈజిప్టు దేశమునకు చెందినది. ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశీయుడు 1862లో లక్సరు పట్టణమున కొనిన పపైరస్ చుట్టయది. క్రీస్తుకు పూర్వము 1600 ప్రాంతమున వ్రాయబడినదని పండితులు నిర్ణయించిరి. జేమ్స్ బ్రెస్టెడ్ దానిని ఆంగ్లమున అనువదించి 1930లో ప్రకటించెను. నోరు తెరచుకొనిపోయి మూతపడని రోగికి, వైద్యుడు తన బొటనవ్రేళ్ళను నోటిలోపల దవడ కొనలపై మోపి, తక్కిన వ్రేళ్ళను గడ్డము క్రింద నుంచి, జారిన యెముకను వెనుకకు నెట్టి స్వస్థానమున నిలుపవలెనని అందు చెప్పబడినది. యవన వైద్యుడైన హిప్పోక్రటీసు పేర నడచుచున్న గ్రంథములందును ఈ విధానమే విస్తరింపబడినది. మూడువేల యేండ్లకు పైగా గడచినను నేటి ఆస్పత్రులలో ఆవులించి దవడ జారినవానికి చేయు చికిత్స మూలమున ఇదియే యనిన, ఆ ప్రాచీనుల హస్తనైపుణ్యమునకు నమస్కరింపక తప్పదు.

మన సుశ్రుతుడు భగ్నచికిత్సా ప్రకరణమున హనుసంధిని మరువలేదు. కీలు తప్పినపుడు ముందుగా స్వేదనము చేసి, అనగా కాపడము పెట్టి, బిగిసిన కండరములను సడలించి, ఎముకను చక్కగా కూర్చి, పంచాంగి యను కట్టుతో బంధించి, వాతహరములైన ద్రవ్యములతో కాచిన నేతిని నస్యముగా ఇయ్యవలెనని ఆయన విధించెను. వాతవ్యాధులలో హనుగ్రహమును, అనగా దవడ బిగింపును, ప్రత్యేకముగా పేర్కొనుటకు మన పూర్వులకు వేరొక కారణముకూడ ఉండి యుండును. దవడ బిగిసిపోవుట ధనుర్వాతమునకు తొలి చిహ్నము గనుక, ఆ రోజులలో నోరు తెరవలేని వానిని చూచిన వైద్యుని గుండె ఝల్లుమనుట సహజము. మరణ సూచకమైన బిగింపును, కేవలము కీలు నొప్పివలన కలుగు బిగింపును వేరుపరచి చూచుటయే ప్రాచీన చికిత్సకుని మొదటి పని. ఎముకను కూర్చుటకు ముందు కండరమును శాంతింపజేయవలెననెడి సుశ్రుతుని క్రమము గమనింపదగినది. ఆ క్రమమును మరచినప్పుడెల్ల పాశ్చాత్య వైద్యము ఈ కీలు విషయమున పొరబడినదని ముందు ముందు చూడగలము.

పందొమ్మిదవ శతాబ్దమున శస్త్రవైద్యము విజృంభించినది. లండనులో ఆస్ట్లీ కూపర్ కీళ్ళ తొలగుటలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దవడ కీలు పూర్తిగా జారకయే, కొంచెము తొలగి శబ్దము చేయుచు బాధించు స్థితిని వర్ణించెను. మత్తుమందును, క్రిమిసంహారక పద్ధతియు వచ్చిన పిదప, ఎడింబరోలో థామస్ అనాండేల్ ఇంకొక యడుగు ముందునకు వేసి, కీలును తెరచి, త్రోవ తప్పిన ఫలకమును స్వస్థానమునకు తెచ్చి కుట్టి, ఆ వృత్తాంతమును 1887లో లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. ఆనాటి సాధనములతో అట్టి సూక్ష్మ కార్యమును నెరవేర్చిన సాహసము మెచ్చదగినదే.

ఈ నొప్పికి లోకవ్యాప్తమైన పేరు తెచ్చినవాడు మాత్రము శస్త్రవైద్యుడు గాక చెవి ముక్కు గొంతు వైద్యుడగుట విశేషము. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమునకు చెందిన జేమ్స్ కాస్టెన్ 1934లో పదునొకండు మంది రోగుల వృత్తాంతమును ప్రకటించి, చెవిపోటు, చెవిలో హోరు, తలతిరుగుడు, కణత నొప్పి మొదలగునవన్నియు వెనుకటి పండ్లు ఊడిపోయినందున దవడ అతిగా మూసుకొని కీలు నొక్కుకొనుటవలన కలుగుచున్నవని వాదించెను. నాటినుండి కాస్టెన్ సిండ్రోమ్ అను పేరు వైద్య గ్రంథములకెక్కినది. పండ్ల యెత్తును పెంచుట, పండ్లను అరగదీసి కలయికను సరిచేయుట అనునవి దంతవైద్యుల నిత్యకృత్యములయ్యెను. కాని కాస్టెన్ చెప్పిన విధమున నరములు నొక్కుకొనుటకు శరీర నిర్మాణమున అవకాశమే లేదని, వియన్నానుండి అమెరికాకు వచ్చి స్థిరపడిన శరీర శాస్త్రజ్ఞుడు హ్యారీ సికర్ 1948లో నిరూపించెను. సిద్ధాంతము కూలినను ఆచారము మాత్రము కూలలేదు. ఎన్నెన్నో ఆరోగ్యకరమైన పండ్లు అటుపైనను అరగదీయబడుచునే యుండెను.

అటు పిమ్మట 1950ల దశకమున కొలంబియా విశ్వవిద్యాలయమున లాస్లో ష్వార్ట్జ్ ఈ రోగులను జాగ్రత్తగా పరిశీలించి, బాధకు మూలము పెక్కుమందిలో ఎముకయందు గాక కండరములయందు కలదని చెప్పెను. డేనియల్ లాస్కిన్ 1969లో ఆ భావమును విస్తరించి, మనస్సునందలి ఒత్తిడి పండ్లు బిగబట్టుటగా, నిద్రలో పండ్లు కొరుకుటగా పరిణమించి కండరములను అలయింపజేయుచున్నదని సిద్ధాంతీకరించెను. ఆయన బృందము 1976లో ప్రకటించిన యొక పరీక్షను ఈ చరిత్రకు కీలకముగా నేను భావింతును. పండ్లను అరగదీయునట్లు నటించి నిజముగా ఏమియు అరగదీయకుండ 25 మంది రోగులను పంపగా, వారిలో నూటికి 64 మందికి నొప్పి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో తగ్గెను. ఈ ఫలితమును చూచి రోగులు అబద్ధమాడుచున్నారని తలచుట పరమ మూర్ఖత్వము. ఈ కీలు నొప్పి తనంతట తాను హెచ్చి తగ్గు స్వభావము గలదనియు, వైద్యుడు శ్రద్ధతో విని, ధైర్యము చెప్పి, ఏదో యొక చర్య తీసికొనుట స్వయముగానే ఔషధమగుచున్నదనియు దానివలన తేలినది. ఇక దీనికి కొత్త చికిత్స నేదైనను తెచ్చువాడు, తన పరికరము మేలు చేసినదో, తన శ్రద్ధ మేలు చేసినదో, కాలమే మేలు చేసినదో వేరుచేసి చూపవలసిన భారమును తలకెత్తుకొనినట్లే.

ఇక వెలుగు కథకు వత్తము. సూర్యునివలన ఆరోగ్యము కోరుట మనకు తరతరాల సంప్రదాయము. శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లికి చర్మరోగులు, నేత్రరోగులు మ్రొక్కుబళ్ళతో పోవుట నేటికిని చూచుచున్నాము. వెలుగును కొలిచి, కూర్చి, నిర్ణీతమైన రోగమునకు ఔషధముగా ప్రయోగించిన ఘనత మాత్రము డెన్మార్కు దేశీయుడైన నీల్స్ ఫిన్సెన్‌ది. ఫారో దీవులలోని టోర్స్‌హావున్‌లో 1860లో జన్మించిన ఈతడు స్వయముగా దీర్ఘరోగి. ముఖమును తినివేసి మనుష్యులను వెలివారిగా చేయు చర్మక్షయకు, విద్యుద్దీపముల కాంతిని స్ఫటిక కటకములతో కేంద్రీకరించి, నీటితో దాని వేడిని హరించి ప్రయోగించుచు, 1896లో కోపెన్‌హాగెన్ నగరమున వెలుగు వైద్యశాలను స్థాపించెను. ఒక్కొక్క రోగికి ఎంతో సేపు, ఎన్నో నెలలు పరిచారికలు దాపుననే నిలిచి చర్మముపై స్ఫటికమును అదిమి పట్టి యుండవలసిన చికిత్స యది. డెన్మార్కు రాజపుత్రికయైన అలెగ్జాండ్రా తన పుట్టినింటి విద్యను మెట్టినింటికి తెచ్చి, 1900లో లండన్ ఆస్పత్రికి ఆ దీపమును బహూకరించెను. ఫిన్సెనునకు 1903లో నోబెల్ బహుమానము లభించినది. మరుసటి యేటనే, 43 ఏండ్ల వయస్సున ఆయన మరణించెను. మన మదనపల్లె సమీపమున 1915లో వెలసిన ఆరోగ్యవరము క్షయ వైద్యశాలకు తొలి పెద్దయైన క్రిస్టియన్ ఫ్రిమోత్ మోల్లర్ దొర ఆ ఫిన్సెన్ స్వదేశీయుడే యని ఇచ్చట స్మరించుట అప్రస్తుతము కాదు.

క్షయకు మందులు వచ్చినపిమ్మట ఫిన్సెన్ దీపములు మూలబడినవి. ఐనను వెలుగునకు వైద్యమున స్థానము లేదని తలచుటకు వీలులేకుండ ఇంగ్లండునందలి రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో మరియొక వింత జరిగినది. పచ్చకామెర్లతో నున్న శిశువులను ఎండలోనికి తీసికొనిపోవు అలవాటుగల సిస్టర్ వార్డ్ అను పరిచారిక, ఎండ సోకిన మేర శిశువు పసుపురంగు తగ్గుటను కనిపెట్టెను. దానిపై అచటి వైద్యులు పరిశోధించి 1958లో ప్రకటించిరి. నేడు మన జిల్లా ఆస్పత్రులలో కామెర్ల శిశువులను పరుండబెట్టు నీలి దీపముల చికిత్సకు మూలము ఆ తల్లి చూపే. వెలుగు మాంసమును చొచ్చి రక్తమునందలి పదార్థమును మార్చగలదని ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

లేజరు పుట్టుక వేరొక త్రోవన జరిగినది. ఉత్తేజిత ఉద్గారమను భావమును ఐన్‌స్టైన్ 1917 నాటికే ప్రతిపాదించి యుండగా, దానిని వెలుగు రూపమున సాధించినవాడు థియొడోర్ మైమాన్. కాలిఫోర్నియాలోని మాలిబూ యందు, హ్యూస్ పరిశోధనాలయమున, 1960 మే 16న, కృత్రిమముగా చేసిన కెంపు కడ్డీనుండి ఆయన తొలి లేజరు కాంతిని వెలువరించెను. ఒకే రంగు, ఒకే లయ, ఒకే దిక్కు గల కాంతియది. ఆ యేడాది చివరనే హీలియమ్ నియాన్ వాయువుల లేజరును, 1962లో అర్ధవాహక లేజరును, మన బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలో నిర్మించిన కార్బన్ డయాక్సైడ్ లేజరును వచ్చినవి. ఈ పటేల్ లేజరు మాంసమును కోయు శస్త్రముగా వైద్యులకు ప్రియమైనది. సిన్‌సినాటి నగరపు చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ 1965లో దంతవైద్యుడైన తన సోదరుని పంటిపైననే కెంపు లేజరును ప్రయోగించి చూచెను. ఆ దినములలో లేజరనగా కాల్చునది, కోయునది, ఆవిరి చేయునది యను భావమే సర్వత్ర వ్యాపించి యుండెను.

ఆ భావమును తారుమారు చేసిన సంఘటన హంగెరీ రాజధానియైన బుడాపెస్టు నగరమున జరిగినది. ఫిన్సెనునకు నోబెల్ బహుమతి వచ్చిన 1903వ సంవత్సరముననే జన్మించిన ఎండ్రే మెస్టర్ అచటి వైద్య విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుడు. బోస్టనులో పాల్ మెక్‌గఫ్ అనునతడు కెంపు లేజరుతో జంతువులలోని క్యాన్సరు గడ్డలను నశింపజేసినట్లు తెలిసి, తానును అట్లే చేయబూని, మెస్టర్ ఎలుకల వీపుల వెండ్రుకలను గొరిగి, కిరణమును ప్రయోగించెను. గడ్డలు కరుగలేదు. మెస్టర్ పరికరము ఆయన అనుకొనినదానికంటె బహు దుర్బలమైనది. కాని కిరణము సోకిన చోట్ల వెండ్రుకలు తక్కిన యెలుకలకంటె త్వరగా మొలచుటను ఆయన చూచెను. తన యత్నము విఫలమైనదని పక్కకు త్రోసివేయక, ఆ విఫలతలోని విశేషమును పట్టుకొని, ఆయన 1967 మొదలు వరుసగా పరిశోధనలు ప్రకటించెను. దుర్బలమైన లేజరు కాంతి మాంసమును కాల్చదు సరికదా, దాని పెరుగుదలను ప్రేరేపించుచున్నదని ఆయన కనుగొని, మానక యేండ్ల తరబడి బాధించు పుండ్లకు దానిని చికిత్సగా ప్రయోగించుటకు పూనుకొనెను. నిరాశను ఇంత ఫలవంతముగా ఉపయోగించిన వైద్యులు చరిత్రలో కొద్దిమందియే. 1984లో మెస్టర్ మరణించునాటికి ఈ విద్య తూర్పు ఐరోపాయందును, సోవియట్ రష్యాయందును విస్తరించి, పశ్చిమ దేశములవారికి మాత్రము ఇంకను అనుమానాస్పదముగానే యుండెను.

కాంతి కణజాలమున ఏమి చేయుచున్నదను ప్రశ్నకు, సోవియట్ దేశమున పనిచేసిన టీనా కారు అను శాస్త్రజ్ఞురాలు ఒక సమాధానము నిచ్చెను. జీవకణములలో ప్రాణశక్తిని తయారుచేయు మైటోకాండ్రియాలయందు సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను ఎంజైము కలదు. ఎఱుపు, సమీప పరారుణ కాంతులను అది గ్రహించి, కణమునకు శక్తి సరఫరాను హెచ్చించుచున్నదని ఆమె వాదము. ఈ వాదమునకు బలమైన సమర్థకులు కలరు, ఆక్షేపించువారును కలరు. ఒక విషయము మాత్రము అనుభవమున పదేపదే కానవచ్చినది. తక్కువ మోతాదు ప్రేరేపించును, ఎక్కువ మోతాదు అణచివేయును. కావున ఎంత హెచ్చు కాంతి పోసిన అంత మేలనుట ఈ వైద్యమున చెల్లదు.

వెలుగు వైద్యము దవడ కీలును చేరు సమయముననే, ఆ కీలు చరిత్రలో మిక్కిలి విషాదకరమైన అధ్యాయము నడచుచుండెను. కీలులోని ఫలకము త్రోవ తప్పుటయే సర్వరోగ మూలమని 1970ల చివర కొందరు నమ్మి, చిత్రములు తీసి, శస్త్రచికిత్సలకు ఉరికిరి. పాడైన ఫలకమును తీసివేసి, దాని స్థానమున ప్రోప్లాస్ట్ టెఫ్లాన్ అను కృత్రిమ ఫలకమును అమర్చుట 1980లలో అమెరికాలో విరివిగా జరిగినది. నమలుట యందలి బలమునకు ఆ టెఫ్లాన్ తునకలై, ఆ తునకలపై శరీరము తిరుగబడి, చుట్టునున్న యెముకలు తినివేయబడగా, కొందరికి కపాలపు అడుగు భాగమే పలుచనైనది. అమెరికా ఔషధ పాలన సంస్థ 1990 డిసెంబరులో హెచ్చరిక చేసి, మరుసటి యేడు ఆ ఫలకములను ఉపసంహరింపజేసెను. అప్పటికే పెక్కుమంది, అందును స్త్రీలు, నొప్పి తగ్గించుకొనుటకు పోయి జీవితాంతము నోరు సరిగా తెరవలేని వారైరి. ఈ అధ్యాయమును చదువునపుడెల్ల నా మనస్సు కలతపడును. బాధపడువాని తొందరయు, వైద్యుని యుత్సాహమును, వ్యాపారి యాశయు మూడును కలిసినచోట ఎంత కీడు జరుగునో దానికి ఇంతకంటె సాక్ష్యము వలదు.

కోతలేని చికిత్సలకు అట్లు వైద్యలోకము వెదకుచున్న దినములలోనే లేజరు దవడను తాకినది. హాన్సన్ అను వైద్యుడు దవడ కీలు నొప్పికి పరారుణ లేజరును వాడిన తన యనుభవమును 1989లో దంతవైద్య పత్రికయందు ప్రకటించెను. ఈ కీలు చర్మమునకు దగ్గరగా నుండుట, చెంప కండరమును కణత కండరమును చేతికి అందునట్లుండుట లేజరునకు అనుకూలించినవి. తుంటి కీలువలె లోతున దాగిన దానికి ఈ కాంతి చేరుట కష్టము. ఇంగ్లండులోని మాంచెస్టరు దంతవైద్యులు 1994లో మరింత జాగ్రత్తతో నాలుగు భౌతిక చికిత్సలను సరిపోల్చిరి. హ్రస్వతరంగముల వేడిమి, మెగాపల్స్ అను విద్యుత్తరంగములు, అల్ట్రాసౌండు, మృదు లేజరు అను నాలుగును నటన చికిత్సకంటె మేలైనవిగా తేలినవి; కాని ఆ నాలుగింటిలో ఏ యొక్కటియు తక్కిన మూటికంటె గణింపదగిన ఆధిక్యమును చూపలేదు. ఆ పరీక్షయే నా దృష్టిలో మిక్కిలి న్యాయమైనది. లేజరును అది తోసిపుచ్చలేదు, సింహాసనమునను ఎక్కింపలేదు.

అటుపైని బ్రెజిలు, టర్కీ, ఇటలీ, ఇరాను, భారతదేశము మొదలగు అనేక దేశములలో ఈ విషయమై పరీక్షలు జరిగినవి. వానిలో పెక్కింటికి చిన్న సంఖ్యలో రోగులే యుండుట, ఒకరు 780 నానోమీటర్ల కాంతిని, మరొకరు 830, ఇంకొకరు 904 నానోమీటర్ల కాంతిని వాడుట, ఒకరు కీలుపైనను మరొకరు కండరముపైనను ఆనించుట, మోతాదును జౌలులలో ఒకరొక విధముగను మరొకరొక విధముగను లెక్కించుట వలన ఫలితములు ఏకముఖముగా రాలేదు. కొందరికి నొప్పి తగ్గి నోరు మరింత తెరచుకొనినట్లును, కొందరికి వట్టి పరికరమును ఆనించిన దానికంటె ఏమియు మేలు కానరానట్లును వ్రాసిరి. పరికరమును నడపు విధము సులభమే. శస్త్రమునకు వాడు లేజరులు వాట్లలో పనిచేయగా, ఇవి మిల్లీవాట్లలో పనిచేయును. చర్మము వెచ్చబడుటయు అరుదే. ఐనను కంటిలో పడినచో రెటీనాకు ప్రమాదము గనుక కంటద్దములు తప్పనిసరి. క్యాన్సరు అనుమానమున్నచోట దీనిని ప్రయోగించుటకు వైద్యులు సంకోచింతురు. మన దేశీయుల శ్యామవర్ణ చర్మమునందలి మెలనిన్ ఎఱ్ఱ కాంతిని పరారుణ కాంతికంటె అధికముగా పీల్చుకొనును. తెల్లవారి చర్మముపై నిర్ణయించిన మోతాదును మనకు యథాతథముగా ఎత్తి వ్రాయుట ఎంతవరకు సమంజసమో మన వైద్యవిద్యార్థులు ఆలోచింపవలెను.

మెస్టర్ ప్రారంభించిన ఈ విద్యకు నిస్సందేహమైన విజయములు లేకపోలేదు. మణికట్టునందలి నరము నొక్కుకొని చేయి తిమ్మిరెక్కు రోగమునకై 830 నానోమీటర్ల లేజరు పరికరమునకు అమెరికా ఔషధ పాలన సంస్థ 2002లో అనుమతి నిచ్చినది. క్యాన్సరు చికిత్సవలన నోరు పుండై అన్నము మ్రింగలేని రోగులకు, ఆ పుండ్లు రాకుండ చేయుటకు ఈ కాంతిని అంతర్జాతీయ సంఘములు సిఫారసు చేయుచున్నవి. ఫోటోబయోమాడ్యులేషన్ అను కొత్త పేరు దీనికి స్థిరపడినది. నోటి పుండ్ల విషయమున రుజువైన మేలును దవడ కీలు విషయమున గూడ రుజువైనట్లు ప్రచారము చేయుట మాత్రము న్యాయము కాదు.

అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తులు 2020లో ఈ కీలు రోగములపై విస్తృతమైన నివేదికను వెలువరించి, వైద్యవిద్యయు దంతవిద్యయు వేరు వేరు గోడల నడుమ నడచుటచే రోగులు ఎట్లు దిక్కులేనివారగుచున్నారో వివరించినవి. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన మార్గదర్శకము మరింత స్పష్టముగా మాటాడినది. దీర్ఘకాలముగా దవడ నొప్పితో బాధపడువారికి, శిక్షితుల పర్యవేక్షణలో చేయు దవడ వ్యాయామమును, కండరముల చేతి చికిత్సను, ఆలోచనా విధానమును మార్చు మనశ్చికిత్సను, ధైర్యము చెప్పి ఇంటివద్ద జాగ్రత్తలు నేర్పుటను అది గట్టిగా సిఫారసు చేసినది. ఫలకమును తొలగించు శస్త్రచికిత్సను, తిరిగి మార్చరాని మార్పు కలిగించు విధమున పండ్లకు తొడుగు స్ప్లింట్లను గట్టిగా వారించినది. లేజరును మాత్రము ఆ గట్టి వారింపులో చేర్చక, నిదర్శనము చాలనందున షరతులతో వలదన్నది. ఈ తీర్పును నేను సరియైనదిగానే భావింతును. వెలుగు వైద్యము టెఫ్లానువలె ఎవరి బ్రదుకును చెరుపలేదు, పండ్లను అరగదీయలేదు, ఎముకను కోయలేదు. హాని చేయకుండుట చిన్న గుణము కాదు. ఐనను మేలు చేయునని నిలుకడగా రుజువు చేయు భారము ఇంకను దాని మీదనే యున్నది.

మన తెలుగునాట ఈ నొప్పితో వచ్చువారిలో వక్కాకు, గుట్కా నమలు అలవాటు గలవారును కలరు. వక్కవలన నోటిలోపలి పొర బిగుసుకొని నోరు తెరచుకొనకపోవుట వేరొక రోగము. అది క్యాన్సరుగా మారు ప్రమాదమును గలది. దానిని దవడ కీలు నొప్పిగా పొరబడి చెంపపై కాంతి ప్రసరింపజేయుచు కాలము గడుపుట ప్రాణాపాయము. మన దంతవైద్య కళాశాలలవారు లేజరు చికిత్స పొందిన ప్రతి రోగికిని ఎంత కాంతి, ఎచట, ఎన్ని మారులు ఇచ్చిరో, ముందు వెనుకల నోరెంత తెరచుకొనెనో వ్రాసియుంచి, అదే విధముగా వట్టి పరికరము ఆనించిన వారితో పోల్చి ప్రకటించినచో, మెస్టర్ ఋణమును కొంత తీర్చినవారగుదురు. ఇక చదువరులకు నా మనవి యిది. దవడ పట్టినదని తెలిసినపుడు నోటిలో పుండ్లు, బిగుసుకొనిన తెల్లని పొరలు ఉన్నవేమో మొదట చూపించుకొనుడు. అవి లేనిచో మెత్తని ఆహారము, కాపడము, పండ్లు బిగబట్టకుండుట, నేర్చినవారు చెప్పిన దవడ వ్యాయామము కొన్ని వారములపాటు శ్రద్ధగా చేయుడు. లేజరు చికిత్స చెప్పినవారిని, ఎన్ని మారులలో మేలు తెలియవలెనో, తెలియనిచో ఎప్పుడు మానవలెనో ముందుగనే యడుగుడు. పండ్లు అరగదీయుటకు గాని, కీలు కోయుటకు గాని ఎవరైనను తొందరపెట్టినచో, రెండవ వైద్యుని సలహా పొందునంతవరకు సమ్మతింపకుడు.